విసనకర్ర పట్టుకున్న చెయ్యి

పరిశోధన గ్రంథం సమర్పించిన తర్వాత దాదాపు ఏడాది పాటు నేను కథలు చదవలేకపోయాను. పుస్తకం తెరవలేక కాదు. ఏ కథ పట్టుకున్నా రెండు పేజీలు తిరగకముందే దాన్ని నా గ్రంథంలో ఏ అధ్యాయం కింద పెట్టాలో తెలిసిపోయేది. ఇది 'మౌనం', ఇది 'ప్రతిఘటన', ఇది 'శరీర రాజకీయాలు' అని మనసులో చీటీలు అతికించేదాన్ని. చీటీ అతికించగానే కథ అయిపోయేది. ఆరేళ్ళు కష్టపడి నేర్చుకున్న సిద్ధాంతాలే నాకూ కథకూ మధ్య అడ్డం నిలబడ్డాయని అప్పట్లో ఎవరితోనూ అనలేకపోయాను. అంటే చదివిన చదువంతా వృథా అని ఒప్పుకున్నట్టవుతుందని భయం. సాటి పరిశోధకుల్లో చాలామందికి ఈ ఇబ్బంది ఉందని తర్వాత తెలిసింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజుల్లో ఒక సదస్సు కోసం ఢిల్లీ వెళ్ళి, మధ్యాహ్నం ఖాళీ దొరికితే ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్‌లో ఉన్న జాతీయ ఆధునిక చిత్రకళా సంగ్రహాలయానికి వెళ్ళాను. అమృతా షేర్‌గిల్ చిత్రాలు అక్కడ వందకు పైగా ఉన్నాయి. 1940లో ఆమె వేసిన ఒక చిత్రం ముందు కాళ్ళు ఆగిపోయాయి. నులక మంచం మీద ఎర్ర బట్టల్లో ఒక స్త్రీ పడుకుని ఉంది. మంచం కోళ్ళు కూడా ఎరుపే. ఎవరో చూస్తారన్న జంకు లేకుండా, ఒళ్ళంతా వదిలేసి పడుకుంది. ఎవరికోసమో అందంగా కనబడాలన్న ప్రయత్నం ఆ శరీరంలో లేదు. ఎండాకాలం మధ్యాహ్నం, ఇంట్లో మగవాళ్ళు లేని వేళ, మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పడుకునే తీరు అది. మా అమ్మ గుంటూరు ఎండల్లో వంటింటి గచ్చు మీద చెయ్యి తలకింద పెట్టుకుని అలాగే పడుకునేది. "అమ్మా, నా జడ రిబ్బను ఎక్కడ?" అని నేను వెళ్ళి లేపేదాన్ని. ఎప్పుడూ విసుక్కోలేదు. లేచేది.

ఆ బొమ్మ ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఏ అధ్యాయమూ గుర్తు రాలేదు. చాలా కాలం తర్వాత ఒకదాన్ని చూస్తూ ఉండిపోయాను, అంతే. దీన్ని స్ఫూర్తి అంటారో ఏమంటారో గానీ, ఆ రాత్రి రైల్లో అబ్బూరి ఛాయాదేవి గారి కథలు మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.

*

కళను చూడటం సహజంగా వచ్చేస్తుందని మనం అనుకుంటాం. కానీ చూపు కూడా నేర్పితేనే వస్తుంది. ఎవరు నేర్పారన్నదే ప్రశ్న. నా మటుకు నాకు ఆ పాఠం మొదట చెప్పింది హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం. స్కూలు పిల్లలుగా మమ్మల్ని బస్సులో తీసుకొచ్చి వరసగా నిలబెట్టి 'మేలిముసుగు రెబెక్కా' విగ్రహం చూపించారు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. "చూడండి, రాయి అయినా పల్చటి తడి బట్టలా ఎలా ఉందో!" అన్నారు మాస్టారు. అందరం ఆశ్చర్యపోయాం. ఆ బట్ట కింద ఉన్న మనిషి ఎవరు, ఆమె ముఖంలో ఏముంది అని ఎవరూ అడగలేదు, మాకూ తోచలేదు. స్త్రీని కప్పి ఉంచడంలోనూ, కప్పీ కప్పకుండా చూపడంలోనూ ఉన్న నేర్పును మెచ్చుకోవడమే కళాభిరుచి అని మాకు తెలియకుండానే నేర్చుకున్నాం. ఆ తర్వాత ఎం.ఏ.లో ప్రబంధ నాయికల అంగాంగ వర్ణనలకు ప్రతిపదార్థం రాసినప్పుడు ఆ పాఠమే బాగా ఉపయోగపడింది!

ఈ చూపు గురించి పాశ్చాత్య దేశాల్లో 1970లలో గట్టి చర్చ జరిగింది. లిండా నోక్లిన్ 1971లో రాసిన వ్యాసంలో గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరన్న ప్రశ్ననే తలకిందులు చేసింది. అది ప్రతిభకు సంబంధించిన విషయం కాదు, శిక్షణకు సంబంధించిన విషయం అంది. నగ్న నమూనాను ఎదురుగా పెట్టుకుని మనిషి శరీరాన్ని గీయడం యూరప్ చిత్రకళకు పునాది పాఠమైతే, ఆ తరగతి గదిలోకే స్త్రీలను చాలాకాలం రానివ్వలేదు. మోడల్‌గా మాత్రం రానిచ్చారు. పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ తన తలుపులు స్త్రీలకు తెరిచింది 1897లో. 1972లో జాన్ బెర్జర్ తన టెలివిజన్ ప్రసంగాల్లోనూ, అదే పేరుతో వచ్చిన పుస్తకంలోనూ ఇంకో సంగతి స్పష్టం చేశాడు. యూరప్ తైలవర్ణ చిత్రాల్లోని నగ్న స్త్రీ తనకోసం అక్కడ లేదు, ఎదురుగా నిలబడి చూసే యజమాని కోసం ఉంది. అందువల్ల స్త్రీ తనను తాను కూడా ఆ యజమాని కళ్ళతోనే చూసుకోవడం అలవాటు చేసుకుంటుంది.

అమృతా షేర్‌గిల్ ఈ రెండు చర్చలకూ నలభై ఏళ్ళ ముందు ఆ గదిలో అడుగుపెట్టింది. 1913లో బుడాపెస్ట్‌లో పుట్టిన ఆమె తల్లి హంగరీ స్త్రీ, తండ్రి పంజాబీ సిక్కు దొర. 1929లో పారిస్ వెళ్ళి, తర్వాత ఎకోల్ దె బోజార్‌లో చదువుకుంది. నగ్న దేహాలను పదేపదే గీసి చెయ్యి దిద్దుకుంది. 1932లో వేసిన 'యంగ్ గర్ల్స్' చిత్రానికి మరుసటి ఏడు పారిస్ గ్రాండ్ సలోన్‌లో స్వర్ణ పతకం వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు.

1934లో ఆమె తనను తాను తాహితీ స్త్రీగా చిత్రించుకుంది. నడుము పైన బట్ట లేదు. వెనక గోడ మీద ఒక పురుషుడి నీడ పడి ఉంది. తాహితీ స్త్రీలను చిత్రించి పేరు తెచ్చుకున్న పాల్ గోగాఁకు అది జవాబు అని కొందరు, ఆయన ప్రభావమని కొందరు విమర్శకులు అన్నారు. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. గోగాఁ చూసిన స్త్రీలు చిత్రకారులు కారు. తనను చూసే చూపును తిప్పి గీసే కుంచె వాళ్ళ చేతిలో లేదు. అమృత చేతిలో ఉంది. గోగాఁ రంగులు ఆమెకు నచ్చాయి, వాటిని తీసుకుంది. కానీ ఆ స్థానంలో తన ఒంటినే నిలబెట్టి, చూసేవాడి నీడను కూడా బొమ్మలోకి లాగింది. ప్రభావం అనే మాటను మన విమర్శలో దాదాపు నేరారోపణలా వాడతాం. ఎవరి ప్రభావం ఎవరి మీద ఉందో కనిపెట్టడంతో పని అయిపోయిందనుకుంటాం. తీసుకున్నదాన్ని ఏం చేసిందన్నది అడగం.

1934 చివర్లో ఆమె ఇండియా వచ్చేసింది. 1936 చివర్లో దక్షిణ దేశ యాత్రకు బయల్దేరింది. అజంతా చూసింది, కొచ్చిలో మట్టాంచేరి రాజప్రాసాదం గోడల మీది చిత్రాలు చూసింది. దారిలో హైదరాబాదులో కూడా తన చిత్రాలు ప్రదర్శించింది. వాటిని చూసిన మూడో సాలార్‌జంగ్ కొనకుండా తిప్పి పంపారని ఆమె జీవిత చరిత్రకారులు రాశారు. నున్నటి పాలరాతి మేలిముసుగును అపురూపంగా దాచుకున్న ఇంటికి ఈ మోటు బొమ్మలు పనికిరాలేదు. చిన్నప్పుడు ఆ మ్యూజియంలో నాకేం చూపించారో, ఏం చూపించలేదో ఈ సంగతి చదివాకే తెలిసింది.

అజంతా ఆమెను మార్చింది. అయితే అజంతా బొమ్మల్ని ఆమె నకలు చెయ్యలేదు. ఆ పని అప్పటికే బెంగాల్ శైలి చిత్రకారులు చేస్తున్నారు. పురాణ స్త్రీలను పల్చటి రంగుల్లో, కలలోలా గీస్తున్నారు. ఆమె ఆ గోడల నుంచి గీత ఎలా వంగాలో, ముదురు ఒంటి రంగులు ఒకదాని పక్కన ఒకటి ఎలా నిలబడాలో నేర్చుకుంది. ఆ నేర్చుకున్నదాన్ని తీసుకెళ్ళి 1937లో 'పెళ్ళికూతురి అలంకరణ', 'బ్రహ్మచారులు', 'సంతకు వెళ్తున్న దక్షిణాది పల్లెవాసులు' వేసింది. రాజులూ అప్సరసలూ ఉన్న గోడల ముందు నిలబడి సంతకు వెళ్ళే మనుషుల్ని గీయాలని తోచింది చూడండి, దాన్నే నేను స్ఫూర్తి అంటాను. ఒకరి కళ్ళు అరువు తెచ్చుకుని మన వీధిలోకి చూడటం అది.

*

మళ్ళీ ఛాయాదేవి గారి దగ్గరికి వస్తాను. 'సుఖాంతం' కథ మనలో చాలామందికి తెలిసిందే. చిన్నప్పటి నుంచి హాయిగా నిద్రపోవాలని తపించిన స్త్రీకి పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఆ నిద్ర దక్కదు. ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. చివరకు నిద్రమాత్రలను ఆశ్రయిస్తుంది. నా పరిశోధన గ్రంథంలో ఈ కథకు నాలుగు పేజీలు ఇచ్చాను. 'పితృస్వామ్య కుటుంబంలో బాధితురాలి పలాయనం' అని తేల్చాను. పరీక్షకులు ఆ మాట కింద గీత గీసి మెచ్చుకున్నారు కూడా.

నులక మంచం మీది స్త్రీని చూసి వచ్చాక ఆ కథ చదివితే పలాయనం కనిపించలేదు. కనిపించింది నిద్ర. నిద్ర అంటే మరోదానికి ప్రతీక కాదు, నిజంగా నిద్రే. ఒళ్ళు అలిసి, కళ్ళు మూతలు పడి, ఇంకో పావుగంట పడుకోనిస్తే చాలుననిపించే ఆ కోరిక. స్త్రీలకు ఓటు కావాలి, ఆస్తి కావాలి, చదువు కావాలి అని ఉద్యమాలు నడిచాయి. పడుకునే హక్కు కావాలని అడిగినవాళ్ళు ఎవరు? అడిగితే నవ్వుతారు. ఆ నవ్వులాటకు దగ్గరగా ఉన్న కోరికను తీసుకుని, ఏ ఆవేశమూ లేని మామూలు గొంతుతో ఒక జీవితం మొత్తాన్ని ఆ ఒక్క లేమితో కొలిచి చూపించారు ఛాయాదేవి గారు. నేను దాన్ని 'బాధితురాలు' అన్న చీటీ కింద పడేశాను. ఆ కథలో స్త్రీ ఏం పోగొట్టుకుందో రాశాను గానీ, ఏం కోరుకుందో రాయలేదు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

ఛాయాదేవి గారు పనికిరాని వస్తువులతో బొమ్మలు చేసేవారన్న సంగతి ఆమెను ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. 2019లో ఆమె పోయినప్పుడు రాసిన నివాళుల్లో చాలామంది ఆ బొమ్మల్ని తలచుకున్నారు. అదొక సరదా అన్నట్టు మనం మాట్లాడుకున్నాం. నాకిప్పుడు అలా అనిపించడం లేదు. ఇంట్లో అందరూ పారేసేదాన్ని చేతిలోకి తీసుకుని ఇందులో ఏముందని తిప్పి చూసే మనిషే 'సుఖాంతం' రాయగలదు. కుండీలో పెంచిన మరుగుజ్జు చెట్టును అందరూ ముచ్చటపడి చూస్తుంటే, రోడ్డు పక్క చెట్టును కూడా చూసి పోల్చుకునే కళ్ళవి. 'బోన్సాయ్ బ్రతుకు' బలమంతా ఆ చూపులోనే ఉంది.

*

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం సుఖాంతమయ్యేది. ఒక బొమ్మ చూశాను, కళ్ళు తెరుచుకున్నాయి, కథ కొత్తగా అర్థమైంది అని. కానీ జరిగింది అది కాదు.

తర్వాతి ఏడు ఒక కాలేజీలో పాఠం చెప్పే అవకాశం వచ్చింది. ఎం.ఏ. పిల్లలకు 'సుఖాంతం' చెబుతూ నులక మంచం చిత్రం రంగుల ప్రతిని గోడకు అంటించాను. పడుకున్న స్త్రీ గురించి, ఆమె నిస్సంకోచం గురించి, బెర్జర్ గురించి, ఇప్పుడు పైన రాసిందంతా ఉత్సాహంగా చెప్పాను. గంట అయిపోవస్తుండగా వెనక బెంచీలో అమ్మాయి లేచింది. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు.

"మేడం, రెండో ఆమె గురించి ఏమీ చెప్పలేదు."

"రెండో ఆమె ఎవరమ్మా?" అన్నాను.

నిజంగా అలాగే అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాయాలి. ఆ చిత్రంలో మంచం పక్కన నేల మట్టంగా ఇంకో స్త్రీ కూర్చుని ఉంది. ఆమె చేతిలో విసనకర్ర ఉంది. పడుకున్న ఆమెకు విసురుతోంది. జైపూర్ హౌస్‌లో ఆ బొమ్మ ముందు అంతసేపు నిలబడ్డాను. ప్రతిని కొనుక్కుని నా బల్ల ఎదురుగా పెట్టుకున్నాను. ఆమె నా కంటికి ఆనలేదని కాదు. గది, మంచం, విసనకర్ర అని సామాన్లతో పాటు ఆమెనూ లెక్కేసుకున్నాను. యజమాని చూపు గురించి గంటసేపు పాఠం చెప్పిన నా కళ్ళల్లో ఇంకో రకం యజమాని హాయిగా కూర్చుని ఉన్నాడు.

"మా అమ్మ ఇలాగే కూచుంటది మేడం, వాళ్ళమ్మగారు పడుకుంటే," అంది ఆ అమ్మాయి. కోపంగా అనలేదు. ఒక సమాచారం చెప్పినట్టు చెప్పింది.

అప్పటి నుంచి అమృత చిత్రాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూడాల్సి వచ్చింది. 'పెళ్ళికూతురి అలంకరణ'లో కూర్చున్న పెళ్ళికూతురు తెల్లగా ఉంటుంది, చుట్టూ చేరి ముస్తాబు చేసేవాళ్ళు నల్లగా ఉంటారు. ఆ రంగుల పొందిక ఎంతో బాగుంటుందని కళావిమర్శకులు అంటారు. నిజమే, బాగుంటుంది. ఆ పొందికలో కులమూ వర్గమూ కూడా ఉన్నాయి. సిమ్లాలోనూ, తర్వాత గోరఖ్‌పూర్ దగ్గర సరాయాలోనూ ఆమె చుట్టూ ఉన్న పల్లెవాసులూ, నౌకర్లూ ఆమె బొమ్మల్లోకి వచ్చారు. సరాయా ఆమె బంధువుల ఎస్టేటు, వాళ్ళ చక్కెర మిల్లు ఉన్న ఊరు. పేద భారతీయుల మౌనాన్నీ ఓర్పునూ చిత్రించాలన్నది తన ఆశయమని ఆమె రాసుకుంది. ఆ మౌనం వాళ్ళదా? లేక దొరసాని ఎదుట కూర్చున్నందువల్ల వచ్చిందా? 1935 నాటి 'ముగ్గురు అమ్మాయిలు' చిత్రంలో ఒక్కరూ మన వైపు చూడరు. 1937లో బాంబే ఆర్ట్ సొసైటీ స్వర్ణ పతకం ఇచ్చింది ఆ చిత్రానికే. వాళ్ళ విషాదం గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. వాళ్ళు కళ్ళెత్తితే ఏం కనబడేదన్న ఊహ నాకు ఇప్పుడు కలుగుతోంది.

అయినా అమృతను తోసిపుచ్చడం నాకు ఇష్టం లేదు. అది తేలికైన పని, దానివల్ల నాకేమీ ఖర్చు కాదు. ఎందుకంటే విసనకర్ర పట్టుకున్న స్త్రీని ఆమె గీసింది. కావాలంటే వదిలేయొచ్చు. మంచమూ, ఎర్రటి స్త్రీ చాలు ఆ బొమ్మకు. విశ్రాంతి ఎవరి చేతుల మీదుగా వస్తుందో ఆ చేతిని చట్రంలో ఉంచింది. ఆమె ఎంత తెలిసి ఉంచిందో మనకు అనవసరం. ఇరవై ఎనిమిదేళ్ళకే, 1941 డిసెంబరులో, లాహోర్‌లో ఆమె చనిపోయింది. బొమ్మ మాత్రం ఆమెకంటే ఎక్కువ చూసింది. చూడకపోయింది నేను.

మన సాహిత్యంలో ఈ చేతి వైపు నుంచి రాసినవాళ్ళు ఉన్నారు. జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవితను తలచుకోండి. కొంగంటే సిగ్గు, కొంగంటే శృంగారం అని మన కవులు శతాబ్దాలుగా రాస్తూ వచ్చారు. స్త్రీవాదులమైన మనం దాన్ని బంధనం అన్నాం. సుభద్ర వచ్చి, పనిచేసే ఆడమనిషికి కొంగు చెమట తుడిచే గుడ్డ, మూట కట్టే సంచీ, అలిసినప్పుడు పరుచుకునే పక్క అని చూపించింది. బట్ట అదే. చూసే చోటు మారింది. 2003లో గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' చదివినప్పుడు కూడా మన చర్చల్లో ఎంతమందిని సామాన్లతో పాటు లెక్కేశామో తెలిసింది. తెలిసిందని ఆనాడే వ్యాసాల్లో రాసుకున్నాం. నా గ్రంథంలో 'దళిత స్త్రీవాదం' అని విడిగా ఒక అధ్యాయమే ఉంది. ఆ అధ్యాయంలో నేర్చుకున్నది 'సుఖాంతం' అధ్యాయంలోకి రాలేదు. గోడ కట్టింది నేనే.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' గురించి కూడా ఆ గ్రంథంలో వివరంగా రాశాను. ఇల్లు అలకడంలో పడి తన పేరు మర్చిపోయిన ఇల్లాలు, నా పేరేమిటో నీకు తెలుసా అని పనిమనిషిని కూడా అడుగుతుంది. ఆ కథ మీద రాస్తున్న రోజుల్లో పొద్దున్నే మా ఇంటికి ఒకామె వచ్చి గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి వెళ్ళేది. నేను బల్ల దగ్గర నుంచి లేవకుండా కాళ్ళు పైకెత్తితే కింద తడిగుడ్డ పెట్టేది. నాలుగేళ్ళు వచ్చింది. గ్రంథం మొదటి పేజీలో మా అమ్మకు, గురువులకు, స్నేహితులకు, గ్రంథాలయ సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆమెను మేం 'ఏమమ్మా' అని పిలిచేవాళ్ళం. పేరు ఏమిటని నేను అడగలేదు. ఇల్లు మారాక ఆమెను మళ్ళీ చూడలేదు.

*

ఈ అనుభవం తర్వాత నా పద్ధతి కొంత మార్చుకున్నాను. కథ గానీ, బొమ్మ గానీ తరగతిలో పెట్టినప్పుడు మొదటి అరగంట ఎవరూ అభిప్రాయం చెప్పకూడదు. కంటికి కనబడింది మాత్రమే రాయాలి. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు. 'అణచివేత' అన్న మాట ఆ అరగంటలో వాడకూడదు. మొదట్లో పిల్లలు ఇబ్బంది పడతారు. నేనూ పడ్డాను. మాట దొరకనప్పుడే కన్ను పనిచేయడం మొదలుపెడుతుంది. ఒక్కొక్కరు రాసింది చదివితే ఎవరు దేన్ని వదిలేశారో బయటపడుతుంది. అక్కడి నుంచి పాఠం మొదలవుతుంది. సిద్ధాంతం అక్కర్లేదని అనడం లేదు. బెర్జర్ చదవకపోతే రెబెక్కా ముసుగు నాకు ఇప్పటికీ నేర్పుగానే కనబడేది. కానీ సిద్ధాంతాన్ని ముందు తొడుక్కుని వెళ్తే అది చూపించేదే చూస్తాం. బెర్జర్ నాకు పురుష యజమానిని చూపించాడు. నన్ను చూపించింది వెనక బెంచీ అమ్మాయి.

సృజనాత్మక కళ మనకు స్ఫూర్తినిస్తుందని తరచూ అంటుంటాం. అది ఎప్పుడూ హాయిగా ఉంటుందనుకోవడం పొరపాటు. జైపూర్ హౌస్‌లో నాకు దొరికింది హాయి. తరగతి గదిలో దొరికింది సిగ్గు. నా చదువుకు రెండోదే ఎక్కువ ఉపయోగపడింది. అయితే మొదటిది లేకపోతే ఆ ప్రతిని కొని గోడకు అంటించి ఉండేదాన్నే కాదు.

గ్రంథాన్ని పుస్తకంగా వేద్దామని ఇద్దరు ముగ్గురు మిత్రులు అడుగుతున్నారు. 'సుఖాంతం' అధ్యాయం తిరగరాసే దాకా ఇవ్వనని చెప్పాను. నిద్ర కోరుకున్న స్త్రీ గురించి రాయాలి. ఆమె నిద్రపోతే ఆ ఇంట్లో పని ఎవరి మీద పడుతుందో కూడా రాయాలి. ఈ రెండూ ఒకే పేజీలో, ఒకదాన్ని ఒకటి చెరిపేయకుండా ఎలా రాయాలో ఇంకా చేతకావడం లేదు. బల్ల ఎదురుగా ఆ బొమ్మ ఉంది. ఈమధ్య దాన్ని కుడివైపు నుంచి, ఎడమవైపు నుంచి, కింద కూర్చుని కూడా చూస్తున్నాను.